గ్రీన్స్‌బరో పౌరహక్కుల మ్యూజియం: ఒక కప్పు కాఫీ కోసం ఆరు నెలలు

నార్త్ కరోలినా రాష్ట్రంలోని క్యారీ, మోరిస్‌విల్ ప్రాంతాల నుంచి షార్లెట్‌కు కారులో వెళ్ళే తెలుగు కుటుంబాలన్నీ దాదాపు సగం దారిలో గ్రీన్స్‌బరో నగరాన్ని దాటుతాయి. పెట్రోలు పోయించుకోవడానికో, భోజనానికో తప్ప అక్కడ దిగేవారు తక్కువ. ఆ నగరం నడిబొడ్డున, సౌత్ ఎల్మ్ స్ట్రీట్‌లోని 134వ నంబరు భవనం మీద ఎఫ్. డబ్ల్యు. ఊల్‌వర్త్ కంపెనీ పేరు ఇప్పటికీ అలాగే ఉంది. దుకాణం మాత్రం 1993లోనే మూతపడింది. ఇప్పుడు అక్కడ ఉన్నది ఇంటర్నేషనల్ సివిల్ రైట్స్ సెంటర్ అండ్ మ్యూజియం. అమెరికాలో వర్ణ వివక్ష మీద విద్యార్థులు సాగించిన అహింసా పోరాటాన్ని అర్థం చేసుకోవాలనుకునేవారు మిగతా చోట్లకన్నా ముందుగా ఇక్కడికి రావాలని నా అభిప్రాయం. పోరాటం ఏ కౌంటర్ దగ్గర మొదలైందో ఆ కౌంటర్ ఇక్కడ నాటి స్థలంలోనే ఉంది, దాని చుట్టూ కట్టిన మ్యూజియం దాని ప్రాధాన్యాన్ని చాలావరకు నిలబెట్టింది.

1960 ఫిబ్రవరి 1, సోమవారం సాయంత్రం ఇక్కడ జరిగినదాన్ని కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ వివరాలు తెలిసి వెళ్ళినవారికి ఈ మ్యూజియం రెట్టింపు విలువ ఇస్తుంది. నార్త్ కరోలినా ఏ అండ్ టీ (వ్యవసాయ, సాంకేతిక) కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతున్న నలుగురు నల్లజాతి విద్యార్థులు, ఎజెల్ బ్లెయిర్ జూనియర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, ఈ దుకాణంలోకి వచ్చారు. వారి వయసు 17 నుంచి 19 ఏళ్ళ మధ్య. నేరుగా భోజన కౌంటర్ దగ్గరికి పోకుండా ముందు టూత్‌పేస్ట్ వంటి చిన్నచిన్న వస్తువులు కొని, బిల్లులు జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాతే తెల్లవారికి మాత్రమే కేటాయించిన కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. నల్లవారికి ఇక్కడ వడ్డించేది లేదన్న జవాబు వచ్చినప్పుడు, కాసేపటి క్రితం ఇదే దుకాణంలో మా డబ్బు తీసుకుని సరుకు ఇచ్చారు కదా అని బిల్లులు చూపించారు. వారికి కాఫీ రాలేదు. దుకాణం మూసేవరకు కూర్చుని, రేపు మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

మా బృందంలో ఉన్న ఒక హైస్కూల్ విద్యార్థి గైడ్‌ను అడిగిన మొదటి ప్రశ్న, అసలు టూత్‌పేస్ట్ ఎందుకు కొన్నారు అని. ఆ ప్రశ్న దగ్గర గైడ్ చాలాసేపు ఆగి వివరించడం నాకు నచ్చింది. నల్లవారిని ఆ దుకాణం రానివ్వకపోవడం అనేదేమీ లేదు. వారి డబ్బు దానికి కావాలి, అన్ని విభాగాలలోనూ వారికి సరుకు అమ్మేది, వంటగదిలోనూ కౌంటర్ వెనకాలా వారి చేత పని చేయించుకునేది, నిలబడి తినే స్నాక్ బార్‌లో తిండి కూడా అమ్మేది. కూర్చుని, తెల్లవారి పక్కన తినడం ఒక్కటే కుదరదనేది. ఆ బిల్లుల వల్ల ఈ ద్వంద్వ నీతి మేనేజర్ ముందు కాగితం మీద రుజువైంది. స్థానిక ఆచారాన్ని బట్టి నడుచుకుంటామన్న కంపెనీ వాదన దేశమంతటికీ వినిపించాక ఎంత పేలవమైనదో ఆ చిన్న ముక్కలే తేల్చాయి.

సాధారణంగా మ్యూజియంను గైడ్ వెంట బృందంగానే చూడాలి. సుమారు గంట పడుతుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. ఇది కొందరికి ఇబ్బందిగా అనిపించవచ్చు గాని, ఫోన్లు జేబుల్లో ఉన్నందువల్ల మా బృందం మొత్తం చెప్పేది వింటూ నడిచిందన్నది కూడా నిజమే. జాతి హింసకు సంబంధించిన ఛాయాచిత్రాలు ఉన్న ఒక భాగాన్ని హాల్ ఆఫ్ షేమ్ అంటారు. అవి దాచకుండా, మెత్తబరచకుండా పెట్టిన చిత్రాలు. చిన్నపిల్లలతో వెళ్ళేవారు టికెట్ కొనేటప్పుడే ఈ విషయం గైడ్‌తో మాట్లాడుకోవడం మంచిది. పన్నెండు, పదమూడేళ్ళు దాటిన పిల్లలకు మాత్రం వాటిని చూపించాలనే నేను అంటాను. ఆ చిత్రాలు చూడకుండా కౌంటర్ దగ్గరికి వెళితే, కుర్చీలో ఊరికే కూర్చోవడం అంత పెద్ద సాహసం ఎందుకయిందో వారికి అందదు.

ఇక కౌంటర్. ఇంగ్లిషు ఎల్ అక్షరం ఆకారంలో గది పొడవునా సాగే పొడవాటి బల్ల, దాని ముందు నేలకు బిగించిన క్రోమ్ కాళ్ళ మీద వినైల్ తొడుగు వేసిన సీట్లు. కొన్ని ముక్కలు ఇతర మ్యూజియంలకు వెళ్ళాయి. నాలుగు సీట్లున్న ఒక భాగాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో చూడవచ్చు. కాని కౌంటర్‌లో ఎక్కువ భాగం మాత్రం 1960లో ఎక్కడ ఉందో అక్కడే ఉంది. దాని పక్కన నిలబడినప్పుడే ఒక విషయం అర్థమవుతుంది: సీటుకూ సీటుకూ మధ్య ఎడం చాలా తక్కువ. పక్కవాడి మోచేయి తగలకుండా తినడం కుదరదు. వెనక నడవ కూడా దగ్గరే. అంటే అక్కడ కూర్చున్న విద్యార్థి వీపుకు చేయి చాపితే అందే దూరంలో తిట్టేవాడు నిలబడగలడు, కూర్చున్నవాడికి మాత్రం అతని ముఖం కనబడదు. పుస్తకంలోని ఛాయాచిత్రం ఈ దూరాన్ని చూపించలేదు.

ఛాయాచిత్రం అన్నాను గనుక ఒక మాట. ఈ ఉద్యమం గురించి ఎక్కడ రాసినా కనిపించే, నలుగురు యువకులు కౌంటర్ దగ్గర కూర్చుని వెనక్కి చూస్తున్న ప్రసిద్ధ చిత్రం మొదటి రోజుది కాదు, రెండవ రోజుది. అందులో మెక్‌నీల్, మెకెయిన్‌ల పక్కన ఉన్నవారు బిల్లీ స్మిత్, క్లారెన్స్ హెండర్సన్. రెండవ రోజుకే ఇరవై మందికి పైగా వచ్చారు. మూడవ రోజు అరవై దాటారు. నాలుగవ రోజు వచ్చిన దాదాపు మూడు వందల మందిలో బెనెట్ కళాశాల విద్యార్థినులతో పాటు నగరంలోని తెల్లజాతి మహిళా కళాశాలకు చెందిన ముగ్గురు అమ్మాయిలు కూడా ఉన్నారు. తాము ఏ కళాశాలవారో అందరికీ తెలిసేలా కళాశాల జాకెట్లు వేసుకుని వచ్చి కూర్చున్నారు. ఆ శనివారం, ఫిబ్రవరి 6న, దుకాణం లోపలా బయటా వెయ్యి మందికి పైగా పోగయ్యారు. బానిసత్వం కోసం పోరాడిన నాటి దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండాలు పట్టుకున్న తెల్ల యువకుల మధ్య నుంచి విద్యార్థులు సీట్ల దగ్గరికి చేరడానికి ఏ అండ్ టీ ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్ళు దారి చేసి ఇచ్చారు. బాంబు బెదిరింపుతో ఆ రోజు దుకాణం మూసేశారు.

నలుగురి పేర్లూ ముఖ్యమే. అయినా ఈ మ్యూజియం చూడబోయేవారు ఆ నలుగురి దగ్గరే ఆగిపోకూడదని గట్టిగా చెప్పాలనిపిస్తోంది. గంటసేపట్లో అన్నీ చెప్పడం ఏ గైడ్‌కూ సాధ్యం కాదు కాబట్టి, మనమే కొంత తెలుసుకుని వెళ్ళి అడగాలి. ముఖ్యంగా బెనెట్ కళాశాల గురించి. నల్లజాతి మహిళల ఆ చిన్న కళాశాల విద్యార్థినులు 1959 చివరి నుంచే ఇటువంటి నిరసన గురించి తర్జనభర్జన పడుతున్నారు. 1958 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగానికి గ్రీన్స్‌బరోలో మరెవరూ వేదిక ఇవ్వనప్పుడు తన కళాశాల ప్రార్థనా మందిరం తలుపులు తెరిచింది అప్పటి బెనెట్ అధ్యక్షురాలు విల్లా ప్లేయర్. ఇక విద్యార్థినులు కౌంటర్ దగ్గర కూర్చోవడం మొదలయ్యాక వారిని వెనక్కి లాగమని వచ్చిన ఒత్తిడికి ఆమె లొంగలేదు. ఏప్రిల్ 21న పక్కనే ఉన్న క్రెస్ దుకాణంలో 45 మంది విద్యార్థులను అరెస్టు చేసినప్పుడు వారిలో బెనెట్ అమ్మాయిలూ ఉన్నారు. పిల్లలను చదువుకోడానికి పంపిన తల్లిదండ్రులకు, విద్యాసంస్థలు నడిపేవారికి విల్లా ప్లేయర్ గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఫిబ్రవరికీ జూలైకీ మధ్య గడిచిన ఆరు నెలలు ఈ కథలో అన్నిటికన్నా విలువైన భాగమని నేను అనుకుంటాను, ఎందుకంటే అవి ఎవరికీ ఉత్సాహం కలిగించే రోజులు కావు. మొదటి వారం తర్వాత చర్చల కోసం నిరసన ఆపారు. చర్చలు ఫలించలేదు. ఏప్రిల్ 1న మళ్ళీ మొదలుపెట్టారు. దుకాణం ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడడం, నల్లజాతి వారు అక్కడ కొనుగోళ్ళు మానేయడం రోజుల తరబడి సాగాయి. వేసవి సెలవులకు కళాశాల విద్యార్థులు ఇళ్ళకు వెళ్ళిపోతే ఉద్యమం దానంతటదే చల్లారిపోతుందని యాజమాన్యం ఎదురుచూస్తే, నగరంలోని డడ్లీ హైస్కూల్ పిల్లలు ఆ స్థానాల్లోకి వచ్చారు. అమ్మకాలు పడిపోయాయి, నష్టం రెండు లక్షల డాలర్లకు దగ్గరగా ఉందని చెబుతారు. చివరికి జూలై 25న ఊల్‌వర్త్ ఏ ప్రకటనా లేకుండా నిశ్శబ్దంగా కౌంటర్‌ను అందరికీ తెరిచింది. ఆ రోజు మొదట కూర్చుని తిన్నది విద్యార్థులు కాదు, అక్కడ పనిచేసే నల్లజాతి ఉద్యోగులు. మంచి బట్టలు తెచ్చుకుని, మార్చుకుని వచ్చి కూర్చోమని మేనేజర్ వారికి ముందే చెప్పాడు. వారిలో ఒకరైన జెనీవా టిజ్‌డేల్ ఆ రోజు ఎగ్ సలాడ్ శాండ్‌విచ్ తిన్నారు. ఏళ్ళ తరబడి ఇతరులకు వడ్డించిన కౌంటర్ దగ్గర ఆమె కస్టమర్‌గా కూర్చోవడం అదే మొదటిసారి.

మా మామయ్యగారు ప్రకాశం జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. మా ఇంటికి వచ్చిన ఆయనను కూడా వెంట తీసుకెళ్ళాను. గైడ్ ఇంగ్లిషు ఆయనకు కొంతే అర్థమయింది గాని, ఒక వస్తువు ముందు మాత్రం నా సాయం లేకుండానే ఆగిపోయారు. అది రెండు వైపులున్న కోకాకోలా యంత్రం, ఒక వైపు తెల్లవారికి, రెండవ వైపు నల్లవారికి. యంత్రం చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, “లోపల సీసాలు ఒక్కటేనా అమ్మా, వేరువేరా?” అని అడిగారు. అదే సరుకు, ఒకే యంత్రం, ముఖాలు మాత్రం రెండు అని చెప్పగానే, తన తొలి ఉద్యోగం నాటి ఊళ్ళోని టీ హోటల్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. దళితుల గ్లాసులు చూరు కింద విడిగా ఉండేవట. తాగినవారే వాటిని కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలట. రెండు గ్లాసుల పద్ధతి మీద మన రాష్ట్రాల్లో కులవివక్ష వ్యతిరేక సంఘాలు ఊరూరా తిరిగి టీ కొట్ల ముందు నిలదీసిన సంగతి మన పాఠకులకు కొత్త కాదు. తెలుగువారు ఈ మ్యూజియంలో పరాయి దేశపు పాత తప్పును చూసి జాలిపడే ప్రేక్షకుల్లా నడవడం కుదరదు. వెంట పెద్దవారుంటే వారిని మాట్లాడనివ్వండి. పిల్లలు ఆ మాటలు వినాలి.

మరొక సంబంధం కూడా ఉంది. ఇక్కడ మొదలైన కదలిక రెండు నెలలు తిరిగేలోగా దక్షిణాది రాష్ట్రాల్లోని పదుల నగరాలకు పాకింది. హోటళ్ళు, థియేటర్లు వంటి బహిరంగ స్థలాల్లో వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం 1964లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, అదే రాజకీయ వాతావరణంలో, జాతి ప్రాతిపదికన ఆసియావాసులను దూరంగా ఉంచిన వలస కోటాలు రద్దయ్యాయి. ఇవాళ క్యారీలోనూ షార్లెట్‌లోనూ గుళ్ళు కట్టుకుని, తెలుగు బడులు నడుపుకుంటున్న మనం ఆ తలుపు గుండానే వచ్చాం.

ఇటువంటి ప్రదర్శన ఉన్న ఇతర చోట్లతో పోల్చి చెప్పమంటే మూడింటిని చెబుతాను. వాషింగ్టన్‌లోని భాగం నాలుగు సీట్లతో చక్కగా ఉంటుంది గాని, ఎన్నో వస్తువుల మధ్య అది ఒకటి. నడుస్తూ దాటిపోవడం సులువు. అట్లాంటాలోని సివిల్ అండ్ హ్యూమన్ రైట్స్ సెంటర్ 2014లో ప్రారంభమైనప్పటి నుంచి ప్రసిద్ధికెక్కింది ఒక నమూనా కౌంటర్ వల్ల. అక్కడ మనం స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించాలి. చెవిలో తిట్లు, బెదిరింపులు వినబడతాయి, స్టూలు కుదుపుతుంది, ఎంతసేపు ఓర్చుకున్నామో ఎదుటనున్న గడియారం లెక్కపెడుతుంది. దాని ప్రభావం బలమైనదే, నేను కాదనను. కానీ అది మన నిబ్బరాన్ని పరీక్షించి వదిలేస్తుంది. ఆ విద్యార్థులు ఎంత ఆలోచించి, ఎంత కట్టుబాటుతో అక్కడికి వచ్చారో చెప్పడానికి ఆ కొద్ది నిమిషాలు చాలవు. గ్రీన్స్‌బరోలో అసలు సీట్ల మీద ఎవరినీ కూర్చోనివ్వరు, నాకు అదే సరైన పద్ధతిగా తోచింది.

మూడవది నాష్‌విల్ పబ్లిక్ లైబ్రరీలోని పౌరహక్కుల గది. గ్రీన్స్‌బరో చూసినవారు తప్పక వెళ్ళవలసిన చోటు అది, ఎందుకంటే శిక్షణ గురించి అక్కడే తెలుస్తుంది. నాష్‌విల్ విద్యార్థులకు అహింసను నేర్పిన జేమ్స్ లాసన్ మెథడిస్ట్ మిషనరీగా 1953 నుంచి మూడేళ్ళపాటు నాగపూర్‌లోని హిస్లాప్ కళాశాలలో పనిచేసి, గాంధీ సత్యాగ్రహ పద్ధతులను దగ్గరగా అధ్యయనం చేశాడు. బస్సుల్లో వర్ణ వివక్షకు నిరసనగా మాంట్‌గమరీ నగరంలో నల్లజాతివారు చేసిన బస్సు బహిష్కరణ వార్తను ఆయన చదివింది నాగపూర్ పత్రికలోనే. తిరిగి వెళ్ళాక నాష్‌విల్‌లో ఆయన నడిపిన శిబిరాల్లో విద్యార్థులు ఒకరినొకరు తిట్టుకుని, తోసుకుని, జుట్టు పట్టి లాగి, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం సాధన చేశారు. తర్వాత పౌరహక్కుల ఉద్యమ నాయకులైన జాన్ లూయిస్, డయాన్ నాష్ ఆ శిబిరాల్లో తయారైనవారే. కొట్టినా తిట్టినా తిరిగి చేయి ఎత్తకూడదు, గట్టిగా నవ్వకూడదు, నాయకుడు చెప్పేవరకు సీటు వదలకూడదు, నిటారుగా కౌంటర్ వైపు తిరిగి కూర్చోవాలి, దుకాణం తలుపులకు అడ్డం పడకూడదు, అందరితో మర్యాదగా ఉండాలి: వారికిచ్చిన ఈ నియమాలను ఆ లైబ్రరీ గదిలోని కౌంటర్ మీద అచ్చువేసి ఉంచారు. లాసన్‌ను వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1960 మార్చిలో బహిష్కరించింది. నాష్‌విల్ కౌంటర్లు మే 10న, అంటే గ్రీన్స్‌బరోకన్నా ముందే తెరుచుకున్నాయి. గ్రీన్స్‌బరో నలుగురికి అటువంటి శిక్షణ లేదు. వారిది హాస్టల్ గదిలో రాత్రిళ్ళు సాగిన వాదనల నుంచి పుట్టిన తెగువ. ఈ రెండు రకాల ధైర్యాన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఉద్యమం పూర్తిగా అర్థమవుతుంది.

ఈ పోరాటానికి ఒక సంస్థ రూపం వచ్చింది కూడా మన క్యారీ పొరుగునే. 1960 ఏప్రిల్‌లో రాలీలోని షా విశ్వవిద్యాలయంలో ఎల్లా బేకర్ విద్యార్థి నాయకులను సమావేశపరిచినప్పుడు పుట్టినదే ఎస్ఎన్‌సీసీ అన్న విద్యార్థి సమన్వయ సంఘం. రాలీ చుట్టుపక్కల ఏళ్ళుగా ఉంటున్నవారిలో కూడా ఈ సంగతి తెలిసినవారు నాకు పెద్దగా తారసపడలేదు.

ఊల్‌వర్త్ కౌంటర్ తెరుచుకోవడంతో గ్రీన్స్‌బరో మారిపోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. చాలా హోటళ్ళు, సినిమా హాళ్ళు ఆ తర్వాత కూడా తెల్లవారికే పరిమితమయ్యాయి. 1963లో ఏ అండ్ టీ విద్యార్థి జెస్సీ జాక్సన్ నాయకత్వంలో మరింత పెద్ద ప్రదర్శనలు జరిగి, వందల మంది జైళ్ళకు వెళ్ళాక గాని వాటిలో కదలిక రాలేదు. భవనాన్ని కూల్చి పార్కింగ్ స్థలం చేయాలన్న ఆలోచన సాగుతున్నప్పుడు స్థానిక నల్లజాతి నాయకులు స్కిప్ ఆల్‌స్టన్, ఎర్ల్ జోన్స్ దాన్ని కొని కాపాడారు. నిధులు సమకూరి మ్యూజియం తెరవడానికి 2010 ఫిబ్రవరి 1 వరకు, అంటే బైఠాయింపు జరిగి సరిగ్గా 50 ఏళ్ళు నిండే దాకా పట్టింది.

వెళ్ళదలచినవారికి నా సూచనలు కొన్నే. పనివేళలు, టూరు సమయాలు మారుతుంటాయి కాబట్టి ముందుగా చూసుకుని టికెట్ తీసుకోండి. ఫిబ్రవరి నెలలో పాఠశాల బృందాలు ఎక్కువగా వస్తాయి. నిదానంగా ప్రశ్నలు అడగాలనుకుంటే మరో నెల ఎంచుకోండి. గంటసేపు నిలబడి నడవాలి గనుక మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారి విషయం సిబ్బందికి ముందే చెప్పండి. తెలుగులో వివరాలేవీ ఉండవు. దారిలో కారులోనే కథంతా పెద్దలకు చెప్పి తీసుకెళితే అక్కడ వారు ఇబ్బంది పడరు.

మ్యూజియం నుంచి కొద్ది నిమిషాల ప్రయాణంలో ఏ అండ్ టీ ప్రాంగణం ఉంది. అక్కడ 2002లో నెలకొల్పిన నలుగురి విగ్రహాన్ని, మొదటి రోజు వారు దుకాణం నుంచి బయటికి నడిచివస్తుండగా తీసిన ఛాయాచిత్రం ఆధారంగా మలిచారు. మెక్‌నీల్ తర్వాత వైమానిక దళం రిజర్వులో మేజర్ జనరల్ అయ్యాడు. మెకెయిన్ షార్లెట్‌లో పెద్ద రసాయనాల కంపెనీలో పనిచేశాడు. బ్లెయిర్ జిబ్రీల్ ఖజాన్‌గా పేరు మార్చుకుని మసాచుసెట్స్‌లో స్థిరపడ్డాడు. డేవిడ్ రిచ్‌మండ్‌కు మాత్రం అల్లరివాడన్న ముద్ర సొంత ఊళ్ళో చాలాకాలం పోలేదు. బెదిరింపులు ఎదుర్కొన్నాడు, డిగ్రీ పూర్తిచేయలేకపోయాడు, తగిన ఉద్యోగం దొరక్క అవస్థపడ్డాడు, 1990లో మరణించాడు. ఆయన చదువు ముగించలేకపోయిన ఏ అండ్ టీ, మరణానంతరం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ప్రాంగణంలో నడవడానికి మరో గంట కేటాయించుకోండి, ఆ వైపే ఉన్న బెనెట్ కళాశాలను కూడా చూసి రండి.